పాత టీవీ గేమ్ పనిచేయడం లేదా? ఇంట్లో బాగుచేయాలా, మెకానిక్‌కు ఇవ్వాలా, మరొకటి కొనాలా

అటక మీద నుంచి దింపిన పాత టీవీ గేమ్ వెలగకపోతే ఇంట్లో వాళ్లు సాధారణంగా పాత సామాన్ల బండికి వేసేయమంటారు. పిల్లలైతే ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించమంటారు. ఈ రెండింటికీ మధ్య ఇంకా దారులున్నాయి. పెట్టె ఎంత ధర పలుకుతుందన్న లెక్కతో మొదలుపెడితే వాటిలో ఏది సరైనదో తేలదు. దెబ్బ ఏ భాగానికి తగిలిందో చూస్తే తేలుతుంది. నేను పట్టుకునే సూత్రం ఒక్కటే: మళ్లీ వెనక్కి తీసుకోగలిగిన పని ముందు, తీసుకోలేని పని చివర. తుడవడం, కొలవడం, తీగ మార్చడం మొదటి రకం. రంగు పోగొట్టడం, పెట్టెకు రంధ్రాలు వేయడం, బోర్డు పీకి కొత్తది పెట్టడం రెండో రకం.

ముందుగా మీ దగ్గర ఉన్నదేమిటో గుర్తుపట్టండి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. సమురాయ్, మీడియా, మిటాషి వంటి పేర్లతోనూ, ఏ పేరూ లేకుండానూ అమ్మినవి ఇవే. 60 పిన్నుల క్యాసెట్ పడితే దాదాపుగా అదే జాతి. సెగా మెగా డ్రైవ్ 1990ల మధ్యలో మన దేశంలో అధికారికంగానే అమ్ముడుపోయింది, కానీ జిల్లాల్లో తక్కువగా దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చినవి డిస్కు వేసే ప్లేస్టేషన్, ప్లేస్టేషన్ 2. ఇవి గాక, విదేశాల్లో పనిచేసే బంధువులు తెచ్చిన పెట్టెలు కొన్ని ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన దాని అడాప్టర్ 120 వోల్టులకు చేసినది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అది కాలిపోతుంది, ఒక్కోసారి పెట్టెను కూడా వెంట తీసుకుపోతుంది.

ఏ రకమైనా సరే, చాలా ఏళ్ల తర్వాత దింపిన పెట్టెను వెంటనే కరెంటుకు పెట్టకండి. ముందు మూత విప్పి చూడాలి. నకలు పెట్టెలకు మామూలు స్టార్ స్క్రూలే ఉంటాయి. నింటెండో అసలు క్యాసెట్లకు 3.8 మిల్లీమీటర్ల, సూపర్ నింటెండో, నింటెండో 64 పెట్టెలకు 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్టు కావాలి. అది ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది. పెన్ను గొట్టం వేడిచేసి స్క్రూ మీద నొక్కే చిట్కా ఒకటి చలామణిలో ఉంది. ప్లాస్టిక్ స్క్రూ గుంటలో కరిగి మిగిలిపోతే తర్వాత అసలు బిట్టు కూడా పట్టదు, కాబట్టి ఆ జోలికి పోవద్దు.

కరెంటు దగ్గర జబ్బు: ఇది ఇంటి పని

పెట్టె అసలు వెలగకపోతే అనుమానం ముందు అడాప్టర్ మీద పెట్టాలి. అసలు అడాప్టర్ పోయి, ఇంట్లో ఉన్న మరేదో గుచ్చడం వల్ల చచ్చిన పెట్టెలు చాలా ఉంటాయి. జాక్ పట్టినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్టు కాదు. మెగా డ్రైవ్ మొదటి రకానికి జాక్ మధ్య పిన్ను నెగెటివ్, రెండో రకానికి మధ్య పిన్ను పాజిటివ్. అమెరికా నింటెండోకు 9 వోల్టుల ఏసీ ఇచ్చే అడాప్టర్ వచ్చేది, ఫ్యామికామ్‌కు మాత్రం డీసీ కావాలి. అమెరికా అడాప్టర్‌ను ఫ్యామికామ్‌కు పెడితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. నకలు పెట్టెల్లో అయితే ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి. పెట్టె వెనుక జాక్ పక్కన ముద్రించిన చిన్న గుర్తును, అడాప్టర్ మీది గుర్తును పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా లేకపోతే గుచ్చకండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మీద 9 వోల్టులని రాసి ఉన్నా, ఖాళీగా కొలిస్తే 12, 13 చూపించవచ్చు. అది లోపం కాదు, పెట్టె తగిలిస్తే దిగుతుంది.

అడాప్టర్ బాగుండి కూడా పెట్టె వెలగకపోతే, లోపల చిన్న అల్యూమినియం రేకుకు బిగించిన మూడు కాళ్ల భాగం కోసం చూడండి. దాని మీద 7805 అని ఉంటుంది. లోపలికి వచ్చే వోల్టేజీని 5 వోల్టులకు దించి బోర్డుకు అందించేది ఇదే. అంకెలు మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా చూస్తే ఎడమ కాలు లోపలికి వచ్చేది, మధ్యది గ్రౌండ్, కుడిది బయటికి పోయేది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల తీగ మధ్య కాలికి ఆనించి, ఎర్ర తీగతో ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు కొలవండి. ఎడమ వైపు కనీసం 7 వోల్టులకు పైన ఉండాలి. కుడి వైపు 4.8 నుంచి 5.2 మధ్య ఉండాలి. ఎడమన కూడా ఏమీ లేకపోతే జాక్‌లోనో స్విచ్‌లోనో తేడా ఉంది. ఎడమన సరిగ్గా ఉండి కుడిన ఏమీ రాకపోతే రెండు అవకాశాలుంటాయి: 7805 పోయింది, లేదా బోర్డులో ఎక్కడో షార్ట్ అయింది. కరెంటు తీసేసి, కుడి కాలికీ మధ్య కాలికీ నడుమ రెసిస్టెన్స్ కొలిస్తే ఏదో తెలుస్తుంది. దాదాపు సున్నా వస్తే షార్ట్. అలాంటప్పుడు కొత్త 7805 వేసినా ప్రయోజనం ఉండదు.

ఈ భాగం ధర పది, ఇరవై రూపాయలకు మించదు. పాతికవాట్ల సాల్డరింగ్ ఐరన్, లెడ్డు, పాత లెడ్డును లాగే పంపు ఉంటే ఎవరైనా మార్చవచ్చు. దాని పక్కనే చిన్న గొట్టంలా నిలబడి ఉండే పెద్ద కెపాసిటర్ తల ఉబ్బి ఉన్నా, అడుగున తడి మరక ఉన్నా దాన్నీ మార్చేయండి. కొత్త దాని మైక్రోఫారడ్ అంకె పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టుల అంకె సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తగ్గకూడదు. ఒంటి మీద గీత ఉన్న వైపు నెగెటివ్, అది తారుమారైతే కెపాసిటర్ పేలుతుంది.

ఇంత చిన్న పనికి పెట్టెను దుకాణానికి మోయనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. సాల్డరింగ్ ఎప్పుడూ పట్టనివారు మాత్రం ముందు పాత రేడియో బోర్డు మీద చెయ్యి తిప్పుకుని రావాలి.

చిలుము, ఉప్పు గాలి, తుపాను నీళ్లు

వెలుగుతుంది కానీ బొమ్మ రాదు, లేదా రంగురంగుల చెత్త గీతలు వస్తాయి, క్యాసెట్ నాలుగుసార్లు తీసి పెడితే ఒకసారి వస్తుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి మరమ్మతు అక్కర్లేదు, శుభ్రం చేస్తే చాలు. కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ వంటి తీరపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. రాగి మీద పచ్చని చిలుము, ఇనుప రేకుల మీద తుప్పు అక్కడ మూతలు మూసి ఉంచినా పడతాయి.

క్యాసెట్ బంగారు పళ్లను మెత్తని తెల్ల రబ్బరుతో ఒకే దిశలో తుడిచి, తర్వాత 90 శాతానికి పైగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రెండు వైపులా తుడవండి. దూది నల్లబడడం ఆగేదాకా పుల్లలు మారుస్తూ పోవాలి. గరుకు కాగితం వాడితే పైపూత పోతుంది, మరి తిరిగి రాదు. చిన్నప్పుడు మనమందరం చేసినట్టు నోటితో ఊదడం కూడా మానేయాలి. నోటి తడి పళ్ల మీద పడి చిలుమును పెంచుతుంది. పెట్టెలో క్యాసెట్ దూరే గాడిలో పిన్నులు వెడల్పై పట్టు వదిలితే సన్నని సూదితో ఒక్కొక్కటీ కొద్దిగా లేపవచ్చు. ఓపిక కావాలి, బలం వద్దు.

రిమోట్ బొత్తాలు పనిచేయకపోతే లోపలి రబ్బరు కింద ఉండే నల్లని కార్బన్ చుక్కలు అరిగి ఉంటాయి. వాటినీ, బోర్డు మీది గీతలనూ ఆల్కహాల్‌తో తుడిస్తే సగం రిమోట్లు లేస్తాయి. ఒక దిక్కు బొత్తం మాత్రమే పోయి, తీగ ఊపితే వచ్చి పోతుంటే, ప్లగ్గు దగ్గరో రిమోట్ లోపలికి వెళ్లే చోటనో తీగ తెగి ఉంటుంది. అంత మేర కత్తిరించి మళ్లీ అతకాలి. రంగులు రాసి పెట్టుకున్నాకే కత్తిరించండి.

వరద నీటిలో మునిగిన పెట్టెల సంగతి వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ. ఈ రెండు తుపాన్ల తర్వాత మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీళ్లు చొరని అటకలు తక్కువ. అలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో ఆరబెట్టి, ఆ తర్వాత ఎవరూ ముట్టకుండా అలాగే ఉన్నాయి. నీళ్లు ఆరినా అందులోని ఉప్పు, బురద బోర్డు మీదే ఉంటాయి. ప్రతి వానాకాలం గాలిలోని తేమను అవి మళ్లీ పీలుస్తాయి, రాగి దారులు కొంచెం కొంచెంగా తినుకుపోతాయి. కాబట్టి బోర్డును బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని బ్రష్షు పెట్టి కడగాలి. బ్యాటరీలకు పోసే నీళ్లే ఇవి, పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి. నీళ్లతో కడగడమంటే చాలామంది భయపడతారు. కరెంటు లేనంతవరకు శుభ్రమైన నీళ్లు బోర్డును ఏమీ చేయవు. కడిగాక ఆల్కహాల్ పోసి నీటిని తరిమి, నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు వదిలేయండి. బియ్యం డబ్బాలో పాతిపెట్టడం వల్ల ఉప్పు పోదు, పిండి దుమ్ము మాత్రం చేరుతుంది. ఇదంతా అయ్యాకే, ఆ పెట్టె ఉంచుకోదగినదా కాదా అని ఆలోచించండి. కడగని పెట్టెను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, మెకానిక్ కూడా.

బ్యాటరీ కారి తెల్లని పొడి పట్టిన చోట ముందు తెల్ల వెనిగర్ చుక్క వేసి తుడవాలి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీల స్రావం క్షారం, దాన్ని ఆమ్లం విరుస్తుంది. తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఆల్కహాల్.

ఎక్కడ ఆగాలి

నకలు పెట్టె మూత విప్పితే బోర్డు మధ్యలో కాళ్లున్న పెద్ద ఐసీలు, అంటే చిప్‌లు, కనిపించవచ్చు, లేదా లక్క కరిగించి పోసినట్టు గుండ్రని నల్ల బొట్టు మాత్రమే ఉండవచ్చు. మొదటిది పాత తరం. ఆ ఐసీలను విప్పి, అదే రకం పెట్టె నుంచి తీసినవి వేసే అవకాశం ఉంది. తైవాన్‌కు చెందిన యూఎంసీ చేసిన యూఏ6527, యూఏ6538 అన్న అంకెలు కనిపిస్తే ఆ బోర్డును ఎట్టి పరిస్థితిలోనూ పారేయకండి, విడిభాగాల కోసమైనా దాచండి. రెండోది తర్వాతి తరం. ఆ బొట్టు కింద మొత్తం యంత్రం ఒకే చిప్‌గా ఉంటుంది, దాన్ని మార్చడం ఎవరి వల్లా కాదు. 5 వోల్టులు సరిగ్గా అందుతూ, పిన్నులన్నీ శుభ్రంగా ఉండి, వేరే పెట్టెలో ఆడే క్యాసెట్ పెట్టినా తెర నల్లగానే ఉంటే, బొట్టు చిప్ పోయిందని ఒప్పుకోవాలి. అక్కడ ఇక డబ్బు పెట్టవద్దు. పైపెట్టె, రిమోట్లు, క్యాసెట్లు మీవే ఉంచుకుని, అదే రకం మరో పెట్టె కొని బోర్డు మార్చుకోవడం మేలు.

ఏ మెకానిక్ దగ్గరికి

ఇంట్లో కాని పనికి ఊళ్లో రెండు రకాల దుకాణాలున్నాయి, వాటి మధ్య తేడా చాలామంది గమనించరు. పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేస్తూ తల నెరిసిన మెకానిక్‌కు 7805, కెపాసిటర్లు, టీవీకి యాంటెన్నా దారిలో బొమ్మ పంపే మాడ్యులేటర్ డబ్బా కొట్టిన పిండి. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లోనో, బొబ్బిలి, టెక్కలి బజార్లలోనో అలాంటివారు ఇంకా పనిచేస్తున్నారు. నకలు పెట్టెలకు, మెగా డ్రైవ్‌కు వీరే సరైనవారు. మొబైల్ ఫోన్లు బాగుచేసే కుర్రవాళ్ల దగ్గర వేడిగాలి యంత్రం, భూతద్దం ఉంటాయి. చేతిలో పట్టుకుని ఆడే సెగా గేమ్ గేర్ వంటి వాటిలో బోర్డుకు అతుక్కుని ఉండే చిన్న కెపాసిటర్లు కారడం బాగా తెలిసిన జబ్బు. సన్నని పని కాబట్టి అది రెండో రకం దుకాణానికే ఇవ్వాలి. తారుమారు చేసి ఇస్తే మంచి మెకానిక్ కూడా బోర్డు పాడుచేసే ప్రమాదం ఉంది.

ఇచ్చేటప్పుడు లోపం ఏమిటో కాగితం మీద రాసి ఇవ్వండి, మీరు కొలిచిన వోల్టులతో సహా. "గురువుగారూ, తీసిన పాత భాగాలు పారేయకుండా కవర్లో వేసి ఉంచండి, పెట్టెకు కొత్త రంధ్రాలు మాత్రం వద్దు" అని ముందే చెప్పాలి. టీవీకి బొమ్మను, శబ్దాన్ని వేర్వేరు తీగల్లో పంపే ఏవీ (ఆడియో వీడియో) జాక్ పెట్టడానికి పక్కన రంధ్రం పొడవడం వారికి మామూలు పని. అది వెనక్కి తీసుకోలేనిది కాబట్టి నిర్ణయం మీ చేతిలో ఉండాలి. పని చిన్నదైతే విశాఖ దాకా పోనక్కర్లేదు. ఇక్కడ దొరకని విడిభాగాల కోసం వెళ్లవలసి వస్తే పాత భాగాన్ని చేత పట్టుకుని వెళ్లండి.

డిస్కు పెట్టెలు

ప్లేస్టేషన్ విషయంలో నా సలహా వేరు. మొదటి పెద్ద ప్లేస్టేషన్, లావుపాటి ప్లేస్టేషన్ 2, సన్నని రకాల్లో చివరి 90000 సిరీస్ — వీటిలో 230 వోల్టుల సరఫరా పెట్టె లోపలే ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. సరఫరా బోర్డు మీద చెయ్యి పెట్టే పని మెకానిక్‌దే. అంతకుముందు వచ్చిన సన్నని ప్లేస్టేషన్ 2లకు 8.5 వోల్టుల అడాప్టర్ బయట ఉంటుంది, వాటిని విప్పడం తక్కువ ప్రమాదం.

డిస్కు చదవకపోతే ముందు కటకాన్ని ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో నొక్కకుండా తుడవండి. కటకం కదిలే పట్టాల మీది ఎండిన గ్రీజు తీసి కొద్దిగా కొత్తది రాయండి. ఇంతటితో చాలావరకు తేలిపోతుంది. లేజర్ పక్కన ఉండే చిన్న స్క్రూ తిప్పితే చదువుతుందని చెప్పేవారుంటారు. అది అరిగిన లేజర్‌ను ఇంకా వేగంగా అరగదీస్తుంది, చివరి ప్రయత్నంగా తప్ప వద్దు. మారు లేజర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ నాణ్యత ఒక్కో దానిది ఒక్కోలా ఉంటుంది. ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి 2013 దాకా సాగింది, కాబట్టి పనిచేసే పెట్టె దొరకడం కష్టం కాదు. సరఫరా బోర్డు, లేజర్ రెండూ పోయిన దానికి మరమ్మతు కన్నా మరొకటి కొనడమే చవక.

మరొకటి కొనడం, కొత్త నకలు కొనడం

పాతదే మరొకటి కొనేటప్పుడు ఆడుతున్న తెర ఫోటో, మూత విప్పిన బోర్డు ఫోటో రెండూ అడగండి. బోర్డు ఫోటో ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనవద్దు. "పరీక్షించలేదు" అని రాసి ఉన్న పెట్టెను పనిచేయనిదిగానే లెక్కగట్టాలి.

కొత్త టీవీల హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చే చిన్న కర్రలాంటి ఆట పరికరాలు చవకగా వస్తున్నాయి. పిల్లలకు పాత ఆటలు పరిచయం చేయడమే మీ ఉద్దేశమైతే అవి చాలు, అందులో తప్పేమీ లేదు. కానీ మీ క్యాసెట్లు వాటికి పట్టవు. బొత్తం నొక్కిన క్షణానికీ బొమ్మ ఎగిరిన క్షణానికీ మధ్య ఆలస్యం కూడా కొన్నింటిలో చేతికి తెలుస్తుంది. అన్నదమ్ములు పోట్లాడుకుంటూ ఆడిన అదే పెట్టె, అదే క్యాసెట్ మళ్లీ ఆడాలన్నది మీ కోరికైతే వీటితో తీరదు.

పసుపెక్కిన పెట్టె

పాత ఏబీఎస్ ప్లాస్టిక్‌లో మంట అంటకుండా కలిపే బ్రోమిన్ పదార్థాలు, ఎండ, గాలి కలిసి దాన్ని పసుపు చేస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది. మన చైత్ర వైశాఖాల ఎండకు కొన్ని గంటలు చాలు. అయినా నేను దీన్ని చివరి వరుసలోనే పెడతాను. పూత సమానంగా లేకపోతే మచ్చలు పడతాయి, కొన్నేళ్లకు పసుపు తిరిగి వస్తుంది, అక్షరాల రంగు కూడా వెలిసిపోవచ్చు. చేసేవారు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరిగా పెట్టుకోవాలి. ముందు లోపలి వైపు ఒక మూల ప్రయత్నించి చూడాలి. మామూలు మురికికి గిన్నెల సబ్బు నీళ్లు చాలు. గోళ్ల రంగు తీసే ద్రావణం మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులో ఎసిటోన్ ఉంటే ఏబీఎస్ పై పొర కరిగిపోతుంది.

టీవీ మాటేమిటి

పెట్టె బాగైంది కానీ ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ వణుకుతోందా, అసలు రావడం లేదా? లోపం పెట్టెది కాకపోవచ్చు. ఈ పాత యంత్రాలు పంపే సంకేతాన్ని కొన్ని కొత్త టీవీలు సరిగ్గా అర్థం చేసుకోవు. వేరే కంపెనీ టీవీలో ఒకసారి చూసి, అక్కడా రాకపోతేనే పెట్టెను మళ్లీ విప్పండి. ఏవీ జాక్ ఉన్న పెట్టెకు యాంటెన్నా దారి కన్నా అదే మేలు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బాలు పనిచేస్తాయి కానీ కొంత ఆలస్యం కలుపుతాయి.

బాతులను కాల్చే తుపాకీ మీ పెట్టెతో వచ్చి ఉంటే, పాత పిక్చర్ ట్యూబ్ టీవీని ఎవరికీ ఇచ్చేయకండి. ఆ తుపాకీ తెర మీద ఒక్క క్షణం మెరిసే వెలుగును, సరిగ్గా ఆ సమయానికే పసిగడుతుంది. ఎల్‌ఈడీ తెరలో అది గురి చూడదు, ఎంత బాగుచేసినా. ఆ టీవీ వెనుక మూత మాత్రం మీరు విప్పవద్దు, లోపల వేల వోల్టులు నిలిచి ఉంటాయి.